పదహారణాల నాణెం

"పదహారణాల తెలుగు" అనే మాటను వినని తెలుగువారు ఉండరు. లోటు లేనిది, కల్తీ లేనిది, సంపూర్ణమైనది అని దాని భావం. రూపాయికి పదహారు అణాలు చెల్లిన రోజులలో పుట్టిన పలుకుబడి అది. 1957 ఏప్రిల్ 1వ తేదీన దేశంలో దశాంశ నాణెపద్ధతి అమలులోకి వచ్చింది. రూపాయికి నూరు పైసలయినవి. అణా లెక్క పోయింది గాని అణా మాట పోలేదు.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఈ పలుకుబడిని మూడు భాషలలో వినవచ్చును. బెంగాలీలు సంపూర్ణమైనదానిని "షోలో ఆనా" అంటారు. హిందీ మాట్లాడేవారు అచ్చమైన నిజాన్ని "సోలహ్ ఆనే సచ్" అంటారు. తెలుగువారి మాట తెలిసినదే. భాషలు వేరయినా వారి చేతులు మారిన నాణెం ఒకటే. అందువల్లనే వారి నోటి మాట కూడ ఒకటయింది. ఆ నాణేలు నేడు పాత ట్రంకుపెట్టెల అడుగున, పూజామందిరాలలో, కాసులపేర్లలో మిగిలి ఉన్నవి. వాటి విలువ ఎంత, దానిని ఎట్లా నిర్ణయించాలి అనేవి తరచుగా వినవచ్చే ప్రశ్నలు. వీటికి సరియైన సమాధానం తెలియకనే ఎన్నో నాణేలు కంసాలి కొలిమిలో కరగిపోతున్నవి.

రైలు వెంట వచ్చిన రూపాయి

ఖరగ్‌పూర్ హౌరాకు నైరుతి దిశలో, రైలుమార్గాన సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ పట్టణానికి ప్రాణం పోసింది. పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరాలలో ఇక్కడ జంక్షను, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో పెద్ద రైల్వే కర్మాగారం వెలసినవి. 1902లో తూర్పుతీర రైల్వే ఉత్తరభాగం బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. దానితో నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెలకు ఖరగ్‌పూర్ దారి సుగమమయింది. పని వెదుక్కుంటూ వచ్చిన తెలుగువారు కర్మాగారంలోను, లోకోషెడ్డులోను, స్టేషనులోను కుదురుకున్నారు. మథురాకాటి, నీంపురా వంటి పేటలలో స్థిరపడ్డారు. బడులు, గుడులు నెలకొల్పుకున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాషల వరుసలో స్థానం కల్పించడానికి ఆమోదం తెలిపింది. దీని వెనుక ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక ఉన్నది.

ఆనాటి రైల్వే కార్మికునికి జీతం రొక్కంగా చేతికి వచ్చేది. బ్యాంకు అలవాటు లేని కుటుంబాలలో వెండి రూపాయి డబ్బుగాను, నగగాను, ఆపదకు అక్కరకు వచ్చే ఆస్తిగాను ఉపయోగపడేది. కొంత సొమ్ము స్వగ్రామానికి వెళ్ళేది, కొంత గోల్ బజార్ అంగళ్ళలో ఖర్చయ్యేది, మిగిలినది పెట్టె అడుగున చేరేది. ఇట్లా దాచిన నాణేలే నేడు మనుమల చేతికి వస్తున్నవి.

ఒకే దేశం, ఒకే రూపాయి

1835కు పూర్వం ఈస్టిండియా కంపెనీ పాలనలో ఒకే రూపాయి లేదు. బెంగాల్‌లో సిక్కా రూపాయి, ఉత్తరాన ఫరుఖాబాద్ రూపాయి, దక్షిణాన ఆర్కాటు రూపాయి చెల్లుబడి అయ్యేవి. చెన్నపట్నం రాజధానిలో వరహాల లెక్క కూడ ఉండేది. ఒక ప్రాంతపు నాణెం మరొక ప్రాంతంలో వట్టం లేకుండా మారేది కాదు. షరాబులకు అదే జీవనోపాధి. 1835లో వచ్చిన చట్టం కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలన్నింటికీ ఒకే రూపాయిని నిర్ణయించింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అనగా 11.66 గ్రాములు. అందులో 165 గ్రెయిన్లు స్వచ్ఛమైన వెండి. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి అన్నమాట. పెద్దలు చెప్పే "తులం" కూడ ఈ రూపాయి బరువే.

ఈ సంస్కరణకు పాటుపడినవారిలో కలకత్తా టంకశాలలో లోహపరీక్షాధికారిగా ఉన్న జేమ్స్ ప్రిన్సెప్ ముఖ్యుడు. అశోకుని శాసనాలలోని బ్రాహ్మీలిపిని 1837లో చదివి లోకానికి అందించినవాడు ఇతడే. గ్రీకు, ఖరోష్ఠీ లిపులు రెండూ ఉన్న ఇండో-గ్రీకు నాణేలు ఖరోష్ఠీ లిపిని చదవడానికి తోడ్పడినవి. ఒక నాణెం మీది రెండు లిపులు మరుగునపడిన ఒక చరిత్రకు తాళంచెవి అయినవి. నాణేన్ని కేవలం లోహపు ముక్కగా చూడరాదనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం అక్కరలేదు.

నాణేన్ని చదవడం ఎట్లా?

నాణేనికి బొమ్మ, బొరుసు అని రెండు వైపులున్నవి. బ్రిటిష్ ఇండియా నాణెం బొమ్మవైపున రాజు లేక రాణి ముఖం, పేరు. బొరుసువైపున విలువ, సంవత్సరం ఉంటవి. 1835 నాటి రూపాయిపై నాలుగవ విలియం, 1840 నుండి విక్టోరియా రాణి కనిపిస్తారు. పరిపాలన కంపెనీనుండి బ్రిటిష్ ప్రభుత్వానికి మారిన తరువాత, 1862 నుండి కంపెనీ పేరు తొలగిపోయింది. 1877 నుండి "రాణి" అనే బిరుదు స్థానంలో "సామ్రాజ్ఞి" అనే బిరుదు వచ్చింది. 1903 నుండి 1910 వరకు వచ్చిన ఏడవ ఎడ్వర్డ్ రూపాయిపై రాజు తలమీద కిరీటం లేదు. 1911 నుండి అయిదవ జార్జి, ఆ తరువాత ఆరవ జార్జి కిరీటధారులుగా దర్శనమిస్తారు.

సంవత్సరం విషయంలో ఒక చిక్కు ఉన్నది. 1862 నుండి 1873 వరకు ముద్రించిన రూపాయలన్నింటిమీద 1862 అనే అంకెయే ఉండేది. వాటిమీది చిన్న చిన్న చుక్కల అమరికను బట్టి నిపుణులు రకాలను విడదీస్తారు. కనుక 1862 నాటి రూపాయి దొరికితే భూతద్దంతో చుక్కలను పరిశీలించడం అవసరం.

ఇక మూడవది టంకశాల గుర్తు. కలకత్తా నాణేలకు సాధారణంగా గుర్తు ఉండదు. బొంబాయి నాణేలపై చుక్క గాని, వజ్రాకారం గాని, "బి" అనే ఆంగ్లాక్షరం గాని కనిపిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో లాహోరులో తెరచిన టంకశాల నాణేలపై "ఎల్" అనే అక్షరం ఉన్నది. దేశవిభజనతో లాహోరు పాకిస్తానులో చేరింది. అక్కడ ముద్రించిన నాణెం ఖరగ్‌పూర్ కార్మికుని పెట్టెలో దొరికితే, అది అవిభక్తదేశపు చివరి రోజులకు సాక్షి అవుతుంది.

నాణెంపై తెలుగు లిపి

విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగిన విషయం ఒకటున్నది. పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో చెన్నపట్నం టంకశాల ముద్రించిన వెండి అరవరహా, పావు వరహా నాణేలపై ఒకవైపు ఆలయగోపురం, రెండవవైపు విష్ణుమూర్తి ఉన్నారు. వాటిపై తమిళ, తెలుగు లిపులలో విలువ చెక్కబడి ఉన్నది. 1835 సంస్కరణతో తెలుగు నాణెంమీదినుండి తప్పుకున్నది.

1907లో అంచు అలలవలె వంకరలు తిరిగిన అణా నాణెం వచ్చింది. రాగి, నికెలు మిశ్రమంతో చేసిన ఈ నాణెం బొరుసువైపున ఇంగ్లీషుతోపాటు హిందీ, బెంగాలీ, ఉర్దూ, తెలుగు లిపులలో దాని విలువ వ్రాసి ఉన్నది. 1918లో వచ్చిన చదరపు రెండణాల నాణెం, అనగా మన బేడ, ఈ పద్ధతినే అనుసరించింది. అక్షరజ్ఞానం ఏ కొంచెం ఉన్నా సామాన్యుడు తన లిపిలో తన డబ్బును గుర్తుపట్టడానికి చేసిన ఏర్పాటు ఇది.

ఖరగ్‌పూర్‌ను తలచుకుంటే ఈ నాణెం మహత్త్వం తెలుస్తుంది. బెంగాలీ గుమాస్తా, తెలుగు ఫిట్టరు, బీహారునుండి వచ్చిన హిందీ కూలీ, ఉర్దూ చదివే మేస్త్రీ - వీరందరి లిపులూ ఆ చిన్న అణాబిళ్ళమీద ఒకదాని ప్రక్కన ఒకటి నిలిచినవి. బజారు ధరను బట్టి చూస్తే ఇది సామాన్యమైన నాణెం, విరివిగా దొరుకుతుంది. అయినా ఒక తెలుగు కుటుంబం బెంగాల్ గడ్డమీద ఎట్లా బ్రతికిందో చెప్పడానికి వెండి రూపాయికంటె ఈ అణాయే సమర్థమైనది. నేటి కరెన్సీ నోటుమీది భాషాపట్టికలో తెలుగును చూసే విద్యార్థి, ఆ సంప్రదాయానికి పూర్వరూపాన్ని ఈ అణాలో చూడవచ్చును.

1943 నుండి 1947 వరకు వచ్చిన నడుమ రంధ్రం గల రాగిపైసాను కూడ మరువరాదు. యుద్ధకాలంలో రాగిని పొదుపు చేయడానికి రంధ్రం పెట్టారు. తెలుగువారు దానికి "చిల్లుకాణీ" అని పేరు పెట్టుకున్నారు. "చిల్లుకాణీ కూడ లేదు" అనే మాటలో ఆ యుద్ధకాలపు కరవు నేటికీ వినిపిస్తుంది.

విలువకు నాలుగు కొలతలు

పాతదైనంతమాత్రాన నాణెం విలువైనది కాదు. లోహం, లభ్యత, స్థితి, గిరాకీ - ఈ నాలుగింటిని కలిపి చూడాలి.

మొదటిది లోహం. ఒకే రాజు బొమ్మ ఉన్నా లోహం ఒకటి కాకపోవచ్చు. ఆరవ జార్జి రూపాయలే ఇందుకు తార్కాణం. 1938, 1939 సంవత్సరాల రూపాయిలో 91.7 శాతం వెండి ఉన్నది. 1940 నుండి 1945 వరకు వచ్చినదానిలో వెండి 50 శాతమే. తక్కినది రాగి, నికెలు, తుత్తునాగం. 1947 నాటి రూపాయిలో వెండి బొత్తిగా లేదు. అది నికెలు నాణెం, బొరుసువైపున పులిబొమ్మ ఉంటుంది. అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే నికెలు రూపాయి అంటుకుంటుంది, వెండి రూపాయి అంటుకోదు. లెక్క కట్టడం సులభం: అరగని పాత రూపాయి 11.66 గ్రాములలో 10.69 గ్రాములు వెండి. 1945 నాటి రూపాయిలో 5.83 గ్రాములు మాత్రమే. ఆనాటి వెండిధరతో గుణిస్తే లోహం విలువ తెలుస్తుంది. ఇది కనీసపు హద్దు మాత్రమే. నాణెం విలువ ఇక్కడితో ఆగిపోదు.

రెండవది లభ్యత. మొదటి ప్రపంచయుద్ధకాలంలో భారతదేశంలో వెండికి కటకట ఏర్పడింది. 1917లో ప్రభుత్వం రూపాయి నోటును ప్రవేశపెట్టింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, సుమారు 26 కోట్ల వెండి డాలర్లను కరగించి భారతదేశ అవసరాలకై బ్రిటనుకు అమ్మింది. ఫలితంగా 1918లో రెండు టంకశాలలు కలిసి 40 కోట్లకు పైగా రూపాయలు ముద్రించినవి. అందువల్ల 1918 నాటి రూపాయి నూరేళ్ళు దాటినా అరుదైనది కాదు. సామాన్యస్థితిలో దాని ధర వెండిధరకు దగ్గరలోనే ఉంటుంది.

దీనికి భిన్నమైనది 1911 నాటి అయిదవ జార్జి రూపాయి. రాజు ధరించిన వస్త్రంమీది హారంలో ఏనుగుబొమ్మ ఉన్నది. తొండం పొట్టిగా చెక్కినందువల్ల అది పందివలె కనిపించి ప్రజలలో, ముఖ్యంగా ముస్లిములలో, అభ్యంతరం కలిగింది. సుమారు 94 లక్షలు ముద్రించగా, దాదాపు 7 లక్షలు మాత్రమే వాడుకలోకి వెళ్ళినవని చెబుతారు. తక్కినవాటిని కరగించి, 1912లో ఏనుగుబొమ్మను సరిదిద్దారు. అందుచేత 1911 రూపాయికి గిరాకీ ఎక్కువ. అట్లాగే 1939 రూపాయి చాల అరుదు. 1938, 1939 రూపాయల నడుమ ఒక్క ఏడాది తేడా, ధరలో మాత్రం ఎంతో అంతరం. సరిగ్గా ఈ కారణంవల్లనే అంకెను మార్చి చేసిన 1939 నకిలీలు కూడ బయలుదేరినవి.

మూడవది స్థితి. రాజు కిరీటంలోని రత్నాలు, హారంలోని గింజలు, అక్షరాల అంచులు స్పష్టంగా ఉన్న నాణేనికి, అరగిపోయిన అదే నాణేనికి ధరలో ఎన్నో రెట్లు భేదం ఉంటుంది. కొక్కెం అతికించినవి, రంధ్రం చేసినవి, నగలలో కూర్చినవి సేకర్తల దృష్టిలో తక్కువవి. నాలుగవది గిరాకీ. ఎంత అరుదైనదయినా కోరేవాడు లేనిదే ధర పలకదు. ఒక వర్తకుడు ప్రకటించిన ధర విలువ కాదు. బహిరంగ వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరలను పోల్చి చూడడమే సరియైన మార్గం.

బంగారు నాణేల మాట కూడ కొంత చెప్పుకోవాలి. బ్రిటిష్ సవరను బరువు 7.98 గ్రాములు, 22 క్యారట్ల బంగారం. తెలుగునాట "కాసు బంగారం" అంటే ఎనిమిది గ్రాములని లెక్కించే వాడుక ఈ సవరను బరువుకు సరిపోతుంది. 1918లో బొంబాయిలోనే సుమారు 13 లక్షల సవరనులు ముద్రించారు. సంవత్సరపు అంకెకు పైన నేలగీతమీద చిన్న "ఐ" అక్షరం వాటి గుర్తు. కాసులపేరును చెరపించే ముందు ఈ అక్షరం ఉన్నదేమో చూడడం మంచిది.

మోసాలు, పొరపాట్లు, చట్టాలు

పాత నాణెం చేతికి రాగానే చింతపండుతోనో, బూడిదతోనో తళతళలాడేటట్లు తోమడం మన ఇళ్ళలో అలవాటు. సేకర్తల లెక్కలో ఇంతకంటె హాని లేదు. ఏళ్ళతరబడి ఏర్పడిన పైపొర నాణేనికి సహజమైన రక్షణ. తోమితే సన్నని గీతలు పడి, ఆ నష్టం తిరిగి పూడదు. నాణేన్ని అంచులతో పట్టుకొని, ఒక్కొక్కదానిని విడివిడిగా మంచి కాగితపు కవరులో ఉంచి, తేమ తగలని చోట భద్రపరచాలి. మెత్తని పి.వి.సి. ప్లాస్టిక్ సంచులలో నాణేలు పాడవుతవి.

శ్రీరామ పట్టాభిషేకం, హనుమంతుడు, 1616, 1717, 1818 వంటి సంవత్సరాలు, ఈస్టిండియా కంపెనీ పేరు ఉన్న రాగి, ఇత్తడి బిళ్ళలు సంతలలో కనిపిస్తవి. కంపెనీ ఇటువంటి నాణేలను ఎన్నడూ ముద్రించలేదు. బియ్యపుగింజలను ఆకర్షించే మహిమగల నాణెమని చెప్పి లక్షలు గుంజే ముఠాల మోసం ఆంధ్రదేశానికి కొత్త కాదు. పాత నాణేలు కొంటామని, అమ్మిపెడతామని రిజర్వు బ్యాంకు పేరు వాడుకొని కమీషను, పన్ను వసూలు చేసేవారు కూడ ఉన్నారు. తాము ఇటువంటి వ్యవహారం చేయడం లేదని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. ముందుగా రుసుము అడిగేవాడు కొనేవాడు కాడని గ్రహించాలి.

నకిలీని కనిపెట్టడానికి త్రాసు మొదటి సాధనం. పోతపోసిన నకిలీల బరువు సాధారణంగా తప్పుతుంది. ఉపరితలంమీద సన్నని రంధ్రాలు, అంచుమీద అతుకుగీత కనిపిస్తవి.

చట్టాలు కూడ తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దానిని వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని గురించి కలెక్టరుకు తెలియజేయాలి.

నాణేనికొక చీటీ

సేకరణకు ధనం కంటె శ్రద్ధ ముఖ్యం. అణాలు, చిల్లుకాణీలు, బేడలు కొద్దిపాటి ఖర్చుతోనే దొరుకుతవి. పాఠశాలలోగాని, కళాశాలలోగాని ఒక చిన్న సేకరణను ఆరంభించేవారు ప్రతి నాణేనికీ ఒక చీటీ వ్రాయాలి. రాజు, సంవత్సరం, టంకశాల, లోహం, బరువు, కొలత - ఇవి మొదటి వరుస. ఎవరి ఇంటినుండి, ఏ ఊరినుండి, ఎట్లా వచ్చినది - ఇది రెండవ వరుస. మొదటి వరుసను ఏ పుస్తకంలోనైనా చూచి నింపవచ్చు. రెండవ వరుసను చెప్పగలవారు ఆ ఇంటి పెద్దలు మాత్రమే. వారు వెళ్ళిపోతే ఆ వరుస ఖాళీగా మిగులుతుంది. మరింత తెలుసుకోగోరేవారు 1814లో స్థాపించిన కలకత్తా ఇండియన్ మ్యూజియం నాణేలను, హైదరాబాదు సైఫాబాద్ టంకశాలలో 2022లో తెరచిన ప్రదర్శనశాలను చూడవచ్చును. 1910లో ఏర్పడిన భారత నాణెశాస్త్ర సంఘం ప్రచురణలు కూడ ఉపకరిస్తవి.

వెండిధర పెరిగినప్పుడల్లా పాత రూపాయలు తూకానికి అమ్ముడుపోతున్నవి. అవసరం వచ్చిన ఇల్లాలు తన నాణేన్ని అమ్ముకోవడం తప్పు కాదు. దానిని చూడకుండా, చదవకుండా, వ్రాసుకోకుండా అమ్మడమే నష్టం. కరగిన రూపాయినుండి పది గ్రాముల వెండి వస్తుంది. ఆ నాణెం ఏ జీతపురోజున ఏ తాతగారి చేతికి వచ్చిందో, ఎవరి పెళ్ళికి దాచి ఉంచారో, ఎందుకు ఖర్చు చేయలేకపోయారో ఆ వెండి చెప్పలేదు.

ఖరగ్‌పూర్ ఇంటిలో ఒక తెలుగు బాలుడు అణాబిళ్ళను అరచేతిలో పెట్టుకొని తన లిపిని గుర్తుపట్టి, దాని ప్రక్కనున్న అక్షరాలను పొరుగింటి బెంగాలీ మిత్రునిచేత, హిందీ మిత్రునిచేత, ఉర్దూ మిత్రునిచేత చదివించుకోగలిగితే, ఆ నాణేనికి పదహారణాల విలువ దక్కినట్లే.